చిలకపచ్చ చీటీ

ఆ రోజు పిట్టగోడ మీద ఆరేసిన గుడ్డను పుల్లమ్మ చూసిందా, చూడలేదా? ఎనిమిదేళ్లుగా నవనీతను వదలని అనుమానం ఇది. పొద్దున్నే ఇల్లు తుడిచి, బకెట్లో నీళ్లు పారబోసి, గుడ్డ పిండి దులిపే వేళకు ఠంచనుగా గుర్తుకొస్తుంది. ఇప్పుడు తుడిచే గుడ్డ వేరు, మొగుడి పాత లుంగీ ముక్క. అయినా పిండుతుంటే కళ్లు వాటంతటవే అంచు కోసం వెతుకుతాయి, చిలకపచ్చ మీద సన్నని జరీ అంచు కోసం. తర్వాత తలస్నానం చేసి, గుట్ట నరసింహస్వామి పటం ముందు దీపం పెట్టి, కొడుకు చదువు గురించి, దుకాణం బేరాల గురించి, అత్త మోకాళ్ల నొప్పుల గురించి దేవుడికి అన్నీ చెప్పుకుంటుంది. ఈ ఒక్క సంగతి మాత్రం ఎన్నడూ అడగలేదు. చూసిందని తెలిస్తే ఏం చేయాలో ఆమెకు తెలియదు. చూడలేదని దేవుడే చెప్పినా నమ్మగలనన్న ధైర్యం లేదు.

వాళ్లది కట్టంగూర్. హైవే పక్కన ఇల్లు, ముందు గదిలో భర్త వెంకటేశ్ విత్తనాల దుకాణం. నవనీత నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. సోమవారం నుంచి మూడు రోజులు కాలేజీలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ శిక్షణ ఉందని ఆదివారం అన్నాల దగ్గర చెప్పింది.

"ప్రాజెక్టా? సాగరా, మూసీనా?" అన్నాడు వెంకటేశ్ ముద్ద కలుపుతూ.

అత్త ఉప్పలమ్మకు నవ్వు ఆగలేదు. "ప్రాజెక్టంటే కాల్వలు తవ్వుడు, గేట్లెత్తుడు. నీకేం పనే పిల్లా ఆడ?"

"కాలేజీ పనులు ఎట్ల చెయ్యాల్నో, ఎవలు ఏ పని చెయ్యాల్నో నేర్పుతరట అత్తా."

"పంతొమ్మిదేండ్లాయె నౌకరి చెయ్యబట్టి, ఇంక పని చేసుడు రాలేదా? కూసొని వినుడే గద," అన్నాడు వెంకటేశ్. "బుధవారం అమ్మను దవాఖానకు తీస్కపోవాలె. జల్ది వచ్చుడు అయితదా సూడు."

చూస్తానంది. ఆ ఇంట్లో 'చూస్తాను' అంటే 'చేస్తాను' అనే.

శిక్షణకు ఆమె పేరు రాయడానికి కారణం కూడా పెద్దదేం కాదు. ప్రిన్సిపల్ పిలిచి, "లెక్చరర్లకు క్లాసులుంటయమ్మా. ఆఫీసు నుంచి మీరు కూర్చోండి. టీలు, రిజిస్టరు కూడా మీరే చూసుకుంటరు గద," అన్నాడు. రామన్నపేట నుంచి, మహబూబ్‌నగర్ నుంచి కూడా కాలేజీల వాళ్లు వచ్చారు, అంతా ముప్పై మంది. నవనీత ఒక చేత్తో నోటు పుస్తకం, ఒక చేత్తో సంతకాల రిజిస్టరు పట్టుకుని వెనక వరసలో కూర్చుంది. హాలు ఊడ్చి, కుర్చీలు తుడిచి, టీ ఫ్లాస్కు మోసుకొచ్చేది పుల్లమ్మ. ఇరవై ఏళ్లుగా ఆ కాలేజీలో స్వీపరు. కేతేపల్లి ఆమెది. యాభై దాటిన మనిషి, నవనీత కంటే పదేళ్లు పెద్ద. అయినా నవనీత ఆమెను 'పుల్లమ్మా, నువ్వు' అంటుంది, ఆమె నవనీతను 'మీరు' అంటుంది. ఇది ఎవరు పెట్టిన పద్ధతో ఎవరికీ తెలియదు.

శిక్షణ ఇచ్చే కరుణ యూనివర్సిటీ నుంచి వచ్చింది. మొదటి రోజు, నిద్ర లేచినప్పటి నుంచి ఈ హాలుకు చేరేదాకా జరిగిన పనులన్నీ వరసగా రాయమంది. కామర్స్ సతీశ్ సార్ నాలుగు వరసలు రాసి పెన్ను మూత పెట్టాడు. లేచాను, వాకింగ్ అయింది, టిఫిన్ అయింది, బయలుదేరాను.

"టిఫిన్ ఎవరు చేసిండ్రు సార్?" అడిగింది కరుణ.

"అంటే... ఇంట్ల అయింది మేడం."

హాలంతా నవ్వింది. కరుణ నవ్వలేదు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'అయింది' అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టింది. "ఈ మూడు రోజులు ఈ మాట బందు. పని దానంతట అది కాదు. ఎవరో చేస్తరు. పని పక్కన చేసిన మనిషి పేరు రాయండి. పేరు లేని పని ఉన్న చోటనే ప్రాజెక్టు మునుగుతది."

నవనీతది పేజీ నిండి వెనక్కి తిరిగింది. వాకిలి ఊడ్చడం, పాలు కాచడం, అత్తకు వేన్నీళ్లు, భర్తకు టిఫిన్, కొడుకుకు డబ్బా, దుకాణం ముందు నీళ్లు చల్లడం, తుడిచే గుడ్డ పిండడం. అన్నిటి పక్కనా తన పేరే. సతీశ్ సార్ తొంగి చూసి, "మేడం, గిది ప్రాజెక్టా, పెండ్లి సామాను లిస్టా?" అన్నాడు. ఆమె సిగ్గుతో కాగితం మడవబోయింది. కరుణ దాన్ని తీసుకుని గోడకు అంటించింది. అందరూ లేచి వచ్చి చదివారు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక లైబ్రేరియన్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. నవనీత కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో అన్నం అయింది, బట్టలు అయినాయి, అత్త మందులు అయినాయి, అన్నీ అయినాయి. చేసిందెవరో గోడ మీద మొదటిసారి కనిపించింది.

సాయంత్రం ఆ ముచ్చట ఉండబట్టలేక ఇంట్లో చెప్పింది. వెంకటేశ్ మొహం మాడ్చుకున్నాడు. "ఇంట్ల గిన్నెలు తోముడు గూడ గోడకు అంటించినవా? ముప్పై మంది ముంగట ఇజ్జత్ తీసినవ్ పో." ఉప్పలమ్మ అందుకుంది, "మేం చెయ్యలేదానే పనులు? గోడలకు రాసుకున్నమా?" నవనీత తల వంచుకుని కంచాలు తీసింది. పొద్దున వచ్చిన సంతోషం సాయంత్రానికి సిగ్గయింది. కానీ అది చిన్న సిగ్గు. పెద్దది మర్నాటి కోసం కాచుకుని ఉంది.

మంగళవారం కరుణ రంగు రంగుల చీటీలు పంచింది. మీ కాలేజీలో పూర్తయిన పని ఏదైనా ఒకటి తీసుకోండి, ఒక్కో పనికి ఒక్కో చీటీ రాసి, ముందుది ముందు, వెనకది వెనక గోడ మీద అంటించండి, ఆ తర్వాత ఒక్కో చీటీ తీసి చూడండి, ఏ చీటీ తీస్తే దాని కిందివన్నీ ఆగిపోతాయో అదే ప్రాజెక్టుకు ప్రాణం, అని చెప్పింది. నవనీత గుంపులో అందరూ ఒకే మాట మీద తొమ్మిదేళ్ల కిందటి తనిఖీని ఎంచుకున్నారు. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు బయటి నుంచి బృందం వచ్చి కాలేజీకి గ్రేడు ఇచ్చిన తనిఖీ అది. "మీ చేతిరాత బాగుంటది, మీరు రాయండి మేడం, నేను చెప్త," అన్నాడు సతీశ్ సార్. ఫైళ్లు సర్దింది తనే, మూడు నెలలు బస్సులో కూడా కాగితాలు సర్దింది తనే. అయినా ఆయన చెబుతుంటే రాసింది.

రాస్తూ రాస్తూ పదిన్నర దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది.

ఆ రోజు లెక్చరర్లు, ఆఫీసు ఆడవాళ్లంతా మీగడ రంగు చీరలే కట్టాలని ప్రిన్సిపల్ ఆర్డరు. పదకొండుకు బృందం వస్తుంది. పదిన్నరకు రికార్డు గదిలో ఫైలు తీస్తున్న నవనీతకు, వారం తర్వాత రావలసిన నెలసరి అప్పుడే వచ్చింది. మీగడ రంగు చీర. వెనక పుల్లమ్మ నిలబడి ఉంది. చెయ్యి పట్టుకుని స్టోరు గదిలోకి తీసుకుపోయి గడియ పెట్టింది. ఎవరో పిల్లనడిగి ప్యాడు తెచ్చింది. తర్వాత తన ఒంటి మీది చీర విప్పింది. పెద్దవాళ్లొస్తున్నారని, క్రిస్మస్‌కు కొనుక్కున్న చిలకపచ్చ చీర ఆ రోజు కట్టుకొచ్చింది. "కట్టుకోండ్రి అమ్మా, మొగోళ్ల ముంగట నిలబడేది మీరు," అంది. పుల్లమ్మ నవనీత చీర మీది మరక కడిగి, ఆ తడిదే తను చుట్టుకుని, ఎవరి కంటా పడకుండా సాయంత్రం దాకా ఆ స్టోరు గదిలోనే కూర్చుంది. భోజనానికి రాలేదు. బృందంతో తీసిన ఫోటోలో లేదు. నవనీత నాలుగు గంటల పాటు ఆ చిలకపచ్చ చీరలో నిలబడి, అడిగిన కాగితమల్లా తీసిచ్చింది. కాలేజీకి మంచి గ్రేడు వచ్చింది.

ఇంటికి రాగానే ఉప్పలమ్మ అరుగు మీది నుంచే అడిగింది, "గా చీర ఎవలదే?" పుల్లమ్మది అని చెప్పింది. "గా ఊడ్సేదాందా? వాళ్లు చర్చికి పోయేటోళ్లు గదనే! దేవుని పటాలున్న ఇంట్లకు గా చీర రావద్దు. పెరట్ల ఇడిసి రా." నవనీత పెరట్లో విడిచింది. ఆ మాటకు ఎదురు చెప్పలేదు సరికదా, తలమీద నీళ్లు పోసుకుంటున్నప్పుడు లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది. ఆ హాయి తలచుకుంటేనే ఇప్పుడు ఒళ్లు ముడుచుకుపోతుంది. తన మైల ఐదో రోజుకు తీరింది, దీపం పెట్టుకుంది. ఆ చీర మైల తీరేదెన్నడు స్వామీ, అని అడగవలసింది. అడగలేదు. వారం తిరిగేలోపు అత్త దాన్ని నాలుగు ముక్కలు చేసింది. తుడిచే గుడ్డలు కొనే బాధ తప్పిందంది. పుల్లమ్మ మాత్రం నవనీత చీరను ఉతికి, ఇస్త్రీ చేయించి మర్నాడే తెచ్చిచ్చింది. నవనీత ముందు ఉతికిస్తానంది, తర్వాత చాకలికి వేశానంది, నెల తర్వాత నేల చూపులు చూస్తూ, "చినిగిపోయింది పుల్లమ్మా," అంది. "పోతే పోయిందిలే అమ్మా," అంది పుల్లమ్మ. మరుసటి ఏడు నవనీతకు జ్వరమొస్తే సంతకం కోసం ఫైలు పట్టుకుని పుల్లమ్మ కట్టంగూర్ వచ్చింది. గేటు దగ్గరే నిలబడి మంచినీళ్లు తాగింది. ఆమె తల పక్కనే పిట్టగోడ. గోడ మీద జరీ అంచు గుడ్డ ఆరుతోంది.

"పదిన్నరకు ఏమున్నది మేడం?" అని సతీశ్ సార్ అడుగుతున్నాడు. నవనీత చిలకపచ్చ చీటీల కట్టను పక్కకు నెట్టి, పసుపు చీటీ తీసుకుని, 'హాలు సిద్ధమైంది' అని రాసి అంటించింది.

ఫ్లాస్కు పట్టుకుని వచ్చిన పుల్లమ్మ గోడ ముందు ఆగింది. ఏడో తరగతి చదువు ఆమెది. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. "గిది మన తనిఖీ నాటి ముచ్చటనా అమ్మా? ప్రిన్సిపల్ సారు... సతీశ్ సారు... కరెంటు మల్లేశ్... వారెవ్వ, జిరాక్సు భిక్షపతి గూడ ఉన్నడే!" తర్వాత పసుపు చీటీ దగ్గరికి వచ్చింది. "హాలు సిద్ధ... మైంది. ఔనా? దానంతటదే అయిందా?" అని నవ్వింది. నిన్న టీ పోస్తూ ఆమె కూడా విన్నది మరి. "మా ఊరి కాడి ప్రాజెక్టుకు మా అమ్మ మట్టి మోసిందమ్మా, నడుములు పడిపోయేదాక. గేటు ఎత్తిన సారు పేరు రాయి మీద చెక్కిండ్రు. మా అమ్మ ఎన్నడన్న గాడికి పోతే, గా రాయికి ఆనుకొని కూసునేది. నీడకు మంచిగుంటదని."

కప్పుల్లో టీ పోసి వెళ్లిపోయింది. నవనీత టీ అందుకుంది కానీ తాగలేకపోయింది. నిన్న ఇదే హాల్లో తన పేరు గోడ మీద చూసి కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషి, ఇవాళ అదే చేత్తో ఇంకో ఆడదాని పేరు నొక్కేసింది. మొగుణ్ణి, అత్తను, సతీశ్ సార్‌ను లోపల ఎన్ని మాటలు అనుకుంది! వాళ్లకు తెలియక 'అయింది' అన్నారు. తనకు తెలిసీ 'సిద్ధమైంది' అని రాసింది. ఆ రెండు అక్షరాల తోక చాటున ఒక ఆడమనిషి తడి చీరతో రోజంతా కూర్చుని ఉందని తెలిసీ రాసింది. బస్సులో కట్టంగూర్ వచ్చేదాకా తల పైకెత్తలేదు. ఎవరో తననే చూస్తున్నట్టు ఉంది.

బుధవారం పొద్దున వంట చేసి, డబ్బాలు కట్టి, ఉన్నవాటిలో మంచిదైన నీలం పోచంపల్లి చీర కట్టుకుంది. పెళ్లిరోజుకు తనకు తానే కొనుక్కున్నది. బయలుదేరుతూ, "అత్తను దవాఖానకు మీరు తీస్కపోండ్రి. ఇయ్యాల నేను మాట్లాడేది ఉన్నది," అంది. వెంకటేశ్ ఏదో అనేలోపు బస్సు వచ్చింది.

తమ గుంపు వంతు వచ్చినప్పుడు సతీశ్ సార్ లేవబోయాడు. "నేను చెప్త సార్," అని నవనీత లేచింది. గోడ దాకా పోయి పసుపు చీటీ పీకేసింది. చిలకపచ్చ చీటీ మీద రాసి ఆ జాగాలో అంటించింది. 'పుల్లమ్మ హాలు ఊడ్చింది. పుల్లమ్మ తన చీర నాకిచ్చింది.' "ఆ రోజు పదిన్నరకు నాకు నెలసరి వచ్చింది. చీర ఖరాబైంది. పుల్లమ్మ తన ఒంటి మీది చీర విప్పి ఇస్తే నేను బృందం ముందు నిలబడ్డ. ఈ చీటీ తీస్తే కిందివన్నీ ఆగుతయి." ఒక్కో చీటీ పీకి టేబుల్ మీద పెట్టింది. ఫైళ్లు, ప్రశ్నలు, భోజనం, ఫోటో, గ్రేడు. గోడ సగం బోసిపోయింది. సతీశ్ సార్ ఫోన్లోకి తల దూర్చాడు.

శిక్షణ ముగిశాక నవనీత స్టోరు గదికి వెళ్లింది. ఎంత బరువు దిగిందో! పుల్లమ్మ చీపుర్లు మూలకు పెడుతోంది. మొహంలో నవ్వు కనబడుతుందేమో అని నవనీత ఆశగా చూసింది.

"నా పేరు రాసిండ్రట గద అమ్మా. సంతోషం," అంది పుల్లమ్మ. చీపుర్లకు తాడు బిగిస్తూనే, తల తిప్పకుండా అడిగింది. "మరి చీరెటు పోయిందో రాయలేదట?"

దిగిందనుకున్న బరువంతా మళ్లీ మీద పడింది. కడిగేస్తాననుకున్న సిగ్గును ముప్పై మంది ముందు సగమే కడిగింది, తనకు మెప్పు వచ్చే సగం. నోరు తెరిస్తే మళ్లీ అదే మాట వచ్చింది. "చినిగి..." అని ఆగింది. "చినగలేదు పుల్లమ్మా. చింపినం. మా అత్త చింపింది. రెండేండ్లు దాంతోటి నేను ఇల్లు తుడిసిన. నీకు అబద్ధం చెప్పిన."

"తెలుసు."

"గోడ మీద... సూసినవా?"

"కండ్లున్నయి గదమ్మా. మంచిగ పిండి ఆరేసిండ్రు." ఆ మాటలో ఎగతాళి లేదు, కోపం లేదు. అందుకే నవనీత తట్టుకోలేకపోయింది. ఎనిమిదేళ్లుగా తెలిసీ ఈ మనిషి తనకు రోజూ టీ ఇస్తోంది. "ఎందుకు అడగలే?" అంటే, "అడిగితే ఏం చెప్పేటోళ్లు? ఇంకొకటి చెప్పేటోళ్లు," అంది.

"రేపు కొత్త చీర తెస్త పుల్లమ్మా. అసొంటిదే, చిలకపచ్చదే."

పుల్లమ్మ అప్పుడు తిరిగి చూసింది. "నేను గా నాడు రేపు తెస్త అన్ననా?"

స్టోరు గదిలో ఫినాయిలు వాసన. బయట బెంచీలు జరుపుతున్న చప్పుడు. నవనీత వెళ్లి తలుపు గడియ పెట్టింది. తొమ్మిదేళ్ల కింద పుల్లమ్మ పెట్టిన గడియ. నీలం పోచంపల్లి చీర కుచ్చిళ్లు తీసింది, విప్పి మడత పెట్టకుండా అలాగే ఇచ్చింది. పుల్లమ్మ వద్దనలేదు. తన వెలిసిన పసుపు పూల చీర విప్పి ఇచ్చింది. ఇద్దరూ ఒకరికొకరు అడ్డం నిలబడి కట్టుకున్నారు. "కుచ్చిళ్లు జర కిందికి వంచుండ్రి, మీరు పొడుగు గద," అని పుల్లమ్మ వంగి సర్దబోతే, "నువ్వు వంగకు అక్కా," అంది నవనీత. నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. పుల్లమ్మ విన్నట్టు లేదు. నీలం కొంగు వేళ్లతో తడిమి చూసుకుంటోంది.

కట్టంగూర్‌లో బస్సు దిగేసరికి దీపాల వేళయింది. దుకాణంలోంచి వెంకటేశ్ గట్టిగా అన్నాడు, "దుకాణం బందువెట్టి పొద్దంత నేనే తిప్పిన అమ్మను, నేనే!" ఆ పనికి మాత్రం చేసిన మనిషి పేరు ఉంది. నవనీతకు నవ్వొచ్చింది. అరుగు మీద మోకాళ్లకు మందు రాసుకుంటున్న ఉప్పలమ్మ తలెత్తింది. తొమ్మిదేళ్ల కింద కూర్చున్న చోటే, అదే గొంతు.

"గా చీర ఎవలదే?"

"నాది."

"నీదా? ఎన్నడు కొన్నవ్?"

"కొనలే. నా పోచంపల్లి చీర పుల్లమ్మక్క కట్టుకపోయింది. ఆమెది నేను కట్టుకొచ్చిన. గా నాటి చిలకపచ్చ చీర బాకీ అత్తా."

కాళ్లు కడుక్కుని, పెరటి వైపు పోకుండా గడప దాటింది. నరసింహస్వామి పటం ముందు కూర్చుని వత్తి వేసింది, నూనె పోసింది. అగ్గిపుల్ల గీస్తుంటే చేతి నుంచి ఫినాయిలు వాసన వచ్చింది. స్వామి మొహం మీద వెలుగు ఎప్పటిలాగే పడింది.

మోకాళ్లు పట్టుకుని గడప దాకా వచ్చిన ఉప్పలమ్మ లోపలికి రాలేదు, బయటికి పోలేదు. దీపం వైపు చూసింది, చీర వైపు చూసింది. చివరికి మెల్లగా అడిగింది.

"అయితే బాకీ తీరినట్టేనా?"

"దానంతటదే తీరలే అత్తా," అంది నవనీత. "తీర్చిన."